వెయ్యిలో పది

తెల్ల దిష్‌దాషా మీద ఎర్రచుక్క.
ఎవరి నెత్తురని చూసిన.
నాదే.
సూది గోటికింద దిగబడి ఉన్నది,
నాకే తెల్వలేదు.

రువీల గడియారం చౌరస్తా ఎనక సందు,
పదమూడేండ్ల సంది ఇదే మిషిని, ఇదే స్టూలు.
మెడకాడ ఏలాడే కుచ్చును ఫురాఖా అంటరు ఈళ్లు.
దాన్ని నాలెక్క పేనెటోడు ఈ సందుల లేడని
ఇల్యాస్ మాస్టరు పదిమందిల అన్నమాట.
గా వేళ్లకే ఇప్పుడు
దారం ఉన్నదో జారిందో
కండ్లతోని చూస్తెగాని ఎరుకలేదు.

కాళ్లు సుత గట్లనే.
ఎండకాలం, చెప్పు ఎక్కడనో ఊడిపోతే
ఒంటి చెప్పుతోని రూముకచ్చిన.
అరికాలు బొబ్బలెక్కింది తెల్లారి చూసుకున్న.
మొఖానికి సబ్బు రుద్ది కండ్లు మూస్తే
కిందికెళ్లి నేల పక్కకు జరుగుడు,
గోడ పట్టుకొని కడుక్కునుడు.
"బూమన్న దొంగసాటుగ తాగుతుండురా" అని
రూములోల్లు నవ్విండ్రు.

మలబారు డాక్టరమ్మ, పేరు సెలీన.
చక్కెర గోలీలు ఎన్నేండ్ల సంది అన్నది. ఎనిమిది.
మాంసం? గుడ్డు? పాలు?
ఉన్నదున్నట్టు చెప్పిన:
పొద్దున పాలు పొయ్యని సులేమాని,
రాత్రికి బువ్వ, పచ్చిపులుసు.
ఇంటికి రియాలు పెరిగినకొద్ది
ఈడ గిన్నెల కూర తగ్గుతది అమ్మా.

ఆమె కాగితం మీద నూటపది కింద గీత గీసింది.
బి పన్నెండట.
వైరు మీది ప్లాస్టిక్ లెక్క
నరం మీద తొడుగుంటదట, అది అరుగుతున్నదట.

నేను అంగిచెయ్యి మీదికి మడిచిన.
మా దిక్కు సూది ఇయ్యనోడు డాక్టరే కాదు.
పైంగ నేను సూదితోని బతికినోన్ని.
ఆమె మడత చూసి నవ్వి
గులాబిరంగు గోలీల డబ్బి ముందుకు జరిపింది.
"రోజుకొకటి, వెయ్యిది. ఆపొద్దు.
రెండు నెలలకు నెత్తురు మళ్ల చూస్త.
ఎక్కకుంటే, నడక ఇంకింత పాడైతే, అప్పుడు సూది."

గింతదానితోనేనా అన్న.
"కడుపుల దీనికి జామీను మనిషొకడుంటడు,
చెయ్యి పట్టుకొని గోడ దాటిస్తడు.
వాడు సరిగ పని చెయ్యకున్న సరే,
వెయ్యి పంపితే
ఓ పది ఎవరి చెయ్యి పట్టుకోకుంటనే దాటుతయి.
నీ ఒంటికి పది ఎక్కువ."

నాకు నవ్వాగలే.
ఖఫీల్ లేకుంట బతికినోల్లు నాకు కొత్తనా?
ఏజెంటు ముంచినంక రెండేండ్లు
వాది కబీర్ల కూరగాయల మూటల చాటున
పోలీసు బండి చప్పుడుకు ఊపిరి బిగవట్టి పన్నోన్ని.
ఆ పదిల ఒకన్ని నేను.
ఆమెకు చెప్పలే.

డబ్బి బాబిన్ల డబ్బల పెట్టుకున్న.
మొదలు నాలిక తేరుకున్నది.
పచ్చిపులుసుల ఉల్లిగడ్డ
ఉల్లిగడ్డ లెక్కనే తాకింది ఒకనాడు.
మూడో వారం కాళ్లు భగభగ.
నిప్పులల్ల నిలవెట్టినట్టు.
బుగులైంది, ఫోన్ చేసిన.
"సచ్చిన నరం మండదు బూమన్నా,
మింగుతనే ఉండు, చూద్దాం."

రెండు నెలలకు కాగితం నాలుగువందల ఇరవై అన్నది.
మంచిదే.
కాగితం నమ్మి నేను దేశం కాని దేశమచ్చిన,
కాగితం సంగతి నాకు తెలుసు.
ఎడమకాలు చిటికెనవేలు ఇప్పటికి పలుకది.
అదెప్పుడన్న వస్తదో, రాదో.
చక్కెర గోలీ ఉన్నన్ని దినాలు
ఈ గులాబి గోలీ ఉంటదన్నది.

మొన్న శుక్రారం,
ఎనిమిదిమందికి ఒక్క బాత్రూం.
మొఖమంత సబ్బు.
యాదిమరిచి కండ్లు మూసిన.
చెయ్యి గోడ మీద లేదు.
నేల జరగలే.
తడి గచ్చు చల్లగ, కొంచెం గరుకు,
మడిమ కింద ఓ చిన్న రాయి.

బయట నర్సింలు తలుపు గుద్దుతుండు,
"ఎంతసేపే, లోపలనే సచ్చినవా?"
సబ్బు కండ్లల్లకు దిగుతున్నది.
ఇంకొంచెంసేపు
అట్లనే నిలవడ్డ.