ఉమ్మి

నారిచ్ మ్యూజియం నేలమాళిగలో
దూదిపుల్ల నాలుక మీద తడిపి
రెండు వందల ఏళ్ల మసి తుడుస్తున్నాను.
ఏ రసాయనమూ ఉమ్మికి సాటిరాదని
పని నేర్పిన విన్నిఫ్రెడ్ అనేది.

బార్లీ కోతల బొమ్మ.
దొర గుర్రానికి పేరుంది, చట్రం వెనక, సిరాతో.
కుక్కలు రెంటికీ ఉన్నాయి.
కోతగాళ్లు పదకొండుమంది. తదితరులు.

అందరి బుగ్గలూ గులాబీలే.
నడుములు వంగాయి గానీ
ఒక్క చొక్కా నలగలేదు.

ఎక్స్‌రేలో మాత్రం
కుడి మూల నిలబడి నవ్వుతున్నవాడు
మొదట కూలబడి ఉన్నాడు,
మోకాళ్ల మధ్య తల.
డబ్బిచ్చినాయనకి నచ్చలేదేమో,
చిత్రకారుడు వాణ్ణి లేపి నిలబెట్టాడు.
మొహానికి నవ్వు పూశాడు.

వాణ్ణి మళ్లీ కూర్చోబెట్టే అధికారం నాకు లేదు.
పైపూత కూడా చరిత్రేనట, ముట్టుకోకూడదు.

మధ్యాహ్నం దాటాక
మసి కింద ఇంకెవరిదో అరచెయ్యి తేలింది,
కందిగింజంత.
అందులో ఒక తెల్లటి చుక్క.
దుమ్మనుకుని రుద్దబోయి ఆగాను.
కొడవలి పట్టేముందు
చేతిలో ఉమ్మేసుకున్నాడు వాడు.

ఈ ఒక్కటీ
పొలం గట్టున నిలబడి చూసి గీసిందే.

కొత్త పుల్ల తీశాను.
నోరు ఎండిపోయింది.