చత్వారం

జోంబా కొండకు దిగువన ఆ ఊరి పేరు జాలి.
మన భాషలో ఆ మాటకేమి అర్థమో
అక్కడెవరికీ తెలియదు.
శనివారం సంత. ఎండుచేపల వాసన,
మినీబస్సు మీంచి దిగుతున్న కోళ్ళ గంపలు,
వాటి వెనకే ఎనెలేసి,
చంకలో రెండు కేజీల నీలం పెట్టె.

పెట్టెలో నలభై కళ్ళజోళ్ళు,
ఒక సూది, నల్లదారం ఉండ.
అక్షరాల అట్ట కూడా ఇచ్చారు గానీ
చదువు రానివాళ్ళ ముందు అది వట్టి అట్టే.
అందుకని ఆమే కనిపెట్టుకుంది ఒక పరీక్ష:
గుప్పెడు బియ్యంలో నాలుగు రాళ్ళు కలిపి
"ఏరు, చూద్దాం" అంటుంది.

కొట్టు అరుగు మీద దర్జీ లికగ్వా.
కుట్టుమిషను అతని పెళ్ళికి ముందుది.
చేతులకు ఇంకా అన్నీ గుర్తే,
కళ్ళే మొండికేశాయి నలభై ఆరో ఏట.
సూదిని ఎండకెత్తి, దూరం జరిపి, దగ్గర జరిపి,
దారం కొస ఎంగిలి చేసి,
బెజ్జం తప్ప అన్నిటినీ గుచ్చి
చివరికి కేకేస్తాడు: "పిలిరానీ!"
పక్కింటి కుర్రాడు పరుగున వచ్చి ఎక్కించి పోతాడు,
రోజుకు రెండొందల క్వాచాలు.
వాడు బడికెళ్ళిన పూట
మిషను నోరు మూసుకుంటుంది.

చొక్కాలు మానేశాడు. అతుకులతో సరిపెడుతున్నాడు.
ముసలితనం అనుకున్నాడు అతను.
దరిద్రం అనుకుంది భార్య.
"ప్లస్ రెండు" అంది ఎనెలేసి, పెట్టె తెరిచి.

జోడు పెట్టుకుని వెంటనే ఏమీ అనలేదు.
ముందు తన చేతులు చూసుకున్నాడు,
గోళ్ళ సందుల్లో నీలం పోగులు,
ఎవరి చేతులో అన్నట్టు.
తర్వాత సూది.
బెజ్జంలోంచి వీధి కనిపించింది,
వీధిలో సైకిలు.

"ఎంత?"
"మూడు వేలు. మూడు వాయిదాలు."
"చర్చివాళ్ళు ఊరికే పంచారు కదా?"
"పంచారు, ఒక్కసారి. విరిగితే ఎవరినడుగుతావు?
నేను వచ్చే శనివారం కూడా వస్తాను."

ఆ మూడు వేలలో ఆమెకు ఆరువందలు.
మిగిలింది బ్లాంటైర్‌లో కంపెనీకి.
లాభం వస్తే పంచుకోరట,
దాంతో ఇంకొన్ని పెట్టెలు కొంటారట.
కాగితం మీద ఉంది. ఎనెలేసి సంతకం పెట్టింది,
పూర్తిగా నమ్మలేదు.
ఆరువందలు మాత్రం తప్పకుండా అందుతున్నాయి.

నాచిసాలే రెండో వాయిదాకు
డబ్బు లేక చేపలు తెచ్చింది,
చిల్వా సరస్సువి, అరటాకులో చుట్టి.
కంపెనీ ఖాతాలో చేపలకు గడి లేదు.
ఎనెలేసి వెయ్యి తన చేతినుంచి కట్టింది,
దాదాపు రెండు జోళ్ళ కమిషను.
పుస్తకంలో "చెల్లు" అని రాసింది.
అది దానమో వ్యాపారమో
న్సిమా ముద్దలో చేప నంజుకుంటున్నప్పుడు
ఆమె ఆలోచించలేదు.

ఇక లికగ్వాకు స్కూలు యూనిఫారాలొచ్చాయి, అరవై.
దారం తనే ఎక్కిస్తున్నాడు,
అక్కర్లేకపోయినా తీసి, మళ్ళీ ఎక్కిస్తున్నాడు.
పిలిరాని అరుగు కింద నిలబడ్డాడు
పిలుపు కోసం, మూడు సాయంత్రాలు.
నీలం పెట్టెలో వాడికి సరిపడే నంబరు లేదు.
పోయిన ఆ రెండొందల క్వాచాలు
ఏ నివేదికలో ఏ వరసలో రాస్తారో
నాకూ తెలియదు.

నాలుగో శనివారం ఆమె బస్సు దిగేసరికి
కుర్రాడు అరుగెక్కి ఉన్నాడు,
నాలిక బయటపెట్టి గుండీలు కుడుతూ.
"రెండు చొక్కాలు పాడుచేశాడు" అన్నాడు దర్జీ
కళ్ళజోడు మీంచి చూస్తూ,
"జీతంలో పట్టుకుంటాను."
"జీతమా?" అంది ఎనెలేసి.
దర్జీ దారం కొరికాడు,
జవాబు చెప్పలేదు.

సంత సద్దుమణిగింది. పెట్టెలో
ఇంకా ముప్పై మూడు.
మినీబస్సులో పక్క సీటు పెద్దాయన
మందుల చీటీని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని
కనుబొమ్మలు ముడేస్తున్నాడు.
ఎనెలేసి ఒడిలో గుడ్డ పరిచింది,
బియ్యం మూట విప్పింది,
బస్సు కుదుపులకు ఒలికిపోకుండా
అరచెయ్యి అడ్డం పెట్టి.