తలుపు లేని చలికాలం

మూడు అద్భుతాలు కావాలన్నాడు కొత్త మఠాధిపతి,
కనీసం ఒకటైనా నీళ్ల మీద జరగాలట.
నా ముందు ఒకే ఒక్క దూడతోలు,
మధ్యలో జోరీగ కుట్టిన చోట చిల్లు.

బిషప్పు హున్‌లాఫ్ గురించి నాకు తెలిసినవి
తోలు మీదికి ఎక్కే సంగతులు కావు.
చలికి కాలివేళ్లు ఉబ్బి చిట్లేవి,
బాతుకొవ్వు రాసేవాణ్ణి నేనే.
రాజు పంపిన గుర్రాన్ని ఎక్కేవాడు కాదు.
గుర్రమ్మీద ఉన్నవాడికి జనం
అబద్ధాలే చెబుతారనేవాడు.
ఈ చిత్తడినేల యాస పట్టుబడక
‘రక్షణ’ అనబోయి ‘రెల్లు’ అన్నాడోసారి.
నవ్వారు.
ఆ ఏటి నుంచి కోతకు ముందు
రెల్లుని దీవించి పొమ్మని ఆయన్నే పిలిచారు.

దశమభాగం కింద వచ్చిన మలుగుచేపల్ని
బుట్టలోంచి ఒక్కొక్కటే లెక్కపెట్టేవాడు.
తప్పుడు లెక్క.
తప్పు ఎప్పుడూ ఇచ్చినవాళ్ల వైపే మొగ్గేది.

ఇక ఆ వరద.
మాంసం ఉప్పులో ఊరేసే నెలలో
ఒక రాత్రి సముద్రం ఏటికి ఎదురెక్కింది.
ముసలి టాట్‌స్విత్ గుడిసె కప్పు మీద కూర్చుని
దేవుణ్ణి కాదు, మేకల్ని పేరుపేరునా పిలుస్తోంది.
పడవలన్నీ అప్పటికే కొట్టుకుపోయాయి.
నేను మోకరించి కీర్తన అందుకున్నాను.
‘పాడింది చాలు ఒస్లాక్, ఆ కొస పట్టు’ అన్నాడు.

చర్చి తలుపుని బందుల నుంచి ఊడబెరికాం.
తలుపే తెప్ప, బిషప్పు దండమే గెడకర్ర.
ముసలామె వచ్చింది. నాలుగు మేకలొచ్చాయి.
ఐదోదాని కోసం మళ్లీ వెళ్లాడు.
తెల్లారాక ఈదుకుంటూ వచ్చాడు,
మేకా లేదు, తలుపూ లేదు.

ఆ చలికాలమంతా గాలిలోనే పూజ.
కొవ్వొత్తి ఆరిపోయేది, వెలిగించేవాణ్ణి, ఆరిపోయేది.
ప్రార్థన మధ్యలో టాట్‌స్విత్ మేకలు
బలిపీఠం దాకా వచ్చి వాసన చూసేవి.
అవి వెళ్లేదాకా ఆగి
ఆపిన మాట దగ్గర మళ్లీ మొదలుపెట్టేవాడు.
దగ్గు అప్పుడే పట్టుకుంది.

చివర్లో లాటిన్ అంతా ఎటో పోయింది.
పడవలవాళ్ల యాసలో
‘చలిని లోపలికి రానీ’ అన్నాడో,
‘వాళ్లని రానీ’ అన్నాడో.
ఈ యాసలో ఆ రెండు మాటలకూ తేడా తక్కువ.

ఇప్పుడు కొత్త తలుపుంది, ఇనుప పట్టీలతో.
తాళంచెవి మఠాధిపతి నడుముకి వేలాడుతుంది.
నీళ్లు రెండుగా చీలాయని రాయమన్నాడు.
రాశాను.
చిల్లు దగ్గర వాక్యం ఆపి
అవతలి గట్టు నుంచి అందుకున్నాను.
తోలుని కిటికీకి పట్టి చూస్తే
అందులోంచి ఏరు కనిపిస్తుంది,
ఒడ్డున ఎవరిదో మేక.