నామినీ గడి

రాజురా కోర్టు బయట
టైపు మిషను ముందు, ఒంటి స్టూలు మీద
'మొదటిదాన్ని'గా కూర్చున్నాను.
వానఖేడే సాహెబ్ మరాఠీలో అడుగుతాడు,
నేను తెలుగులో చెప్తాను,
కాగితం మీద ఇంకేదో భాష పడుతుంది.

"బాయకా కితీ?"
పెండ్లాలు ఎంతమందని అడిగేది ఆయనే.
ఫారంలో గడి మాత్రం ఒక్కటే.
అది ఎంత ఇరుకంటే
నా ఒక్క పేరుకే చివరి అక్షరం గీత దాటింది.

బుచ్చుబాయి గేటు అవతల నిలబడ్డది.
దానికి స్టూలు లేదు.
పదహారేండ్లు అదీ సద్ది కట్టింది,
పగటి షిఫ్టుకు నా ఇంటి నుంచి,
రాత్రి షిఫ్టుకు దాని ఇంటి నుంచి.
డబ్బా మూత ఎర్రగుంటే
ఆ వారం ఓదెలు ఎక్కడ పండుకుంటున్నాడో
సాస్తి బాయి మీద అందరికీ తెలుసు.
నవ్వేవాళ్లు.
నన్ను చూసి నవ్వేవాళ్లు, దాన్ని చూసి నవ్వేవాళ్లు.
వాణ్ని చూసి ఎవరూ నవ్వలేదు.

ఒక్కసారి అడిగాను, పొయ్యి ముందు కూర్చుని:
నేనూ ఇంకొకణ్ని తెచ్చుకుంటే?
వాడు అన్నం కలపడం ఆపలేదు.
"పిచ్చి లేచిందా నీకు" అన్నాడు.
వాడు చేస్తే పెండ్లి.
నేను నోట అంటేనే పిచ్చి.

బెంచీ మీద జంగుబాయి,
జివతి కొండల నుంచి సవతిని వెంటేసుకొచ్చింది.
ఇద్దరూ ఒకే సంచిలో చెయ్యిపెట్టి పేలాలు తింటున్నారు.
గోండు రివాజు వాళ్లది,
మా చట్టం వాళ్లను ముట్టదట.
మీకు నయమే, అన్నాను.
"ఏం నయం?" అన్నది నమలడం ఆపి,
"కోర్టు ఒప్పుకుంటే రాత్రి నిద్ర పడుతదా?"

సాహెబ్ అద్దాలు తుడుచుకుంటూ విడమరిచాడు.
రెండో పెండ్లి చెల్లదు.
దాని కొడుకు చెల్లుతాడు.
వాడికి తండ్రి సొమ్ములో వాటా ఉంది,
వాణ్ని కన్నదానికి లేదు.
చెట్టు దొంగదట, కాయ దొరదట.
"ఆమె ఎవరో నాకు తెలియదు, అని రాయించు బాయీ.
పింఛను మొత్తం నీకే."

తెలియదా?
దాని వేవిళ్ల చప్పుడు గోడ ఇవతలి నుంచి విన్నాను.
దాని గాజులు ఏ జాముకు ఆగేవో తెలుసు.
బాయిలో బండ కూలిన నాడు
శవం మీద ఎవరు ముందు పడాలో తెలియక
అంబులెన్సుకు చెరో తలుపు పట్టుకుని
ఇద్దరం అట్లనే నిలబడిపోయాం.

తెలియదు అనే రాయించాను.
ముగ్గురు పిల్లలు నాకు, బియ్యం బస్తాకు చట్టం రాదు.
బొటనవేలి సిరా మాత్రం
బూడిదేసి తోమినా నాలుగు రోజులు ఉంది.

ఇప్పుడు పింఛను పడ్డ రోజు
సగం లెక్కబెట్టి
ఎర్రమూత డబ్బాలో పెట్టుకుని పోతాను.
గడప దాటను.
చాయ్ పెడతానంటే వద్దంటాను.
దాన్ని మన్నించలేదు నేను, మన్నిస్తానని ఎవరికీ చెప్పలేదు.
అదీ తక్కువది కాదు,
నా కండ్ల ముందే నోట్లు మళ్లీ లెక్కబెడుతుంది.

పోయిన నెల
పది రూపాయలు తక్కువున్నయి, అన్నది.
ఉన్నయి.
ఆటోకు ఇచ్చాను.
చెప్పలేదు.