మీటరు పేరు

గిర్మాజీపేటల ఇల్లు కొని రెండేండ్లాయె,
కరెంటు బిల్లు ఇంకా లతీఫుద్దీన్ పేరు మీదనే.
రిజిస్ట్రాఫీసు నకళ్ళల్ల ఈ పేరు లేదు.
నాకమ్మిన చింతకింది ఓదెలు,
ఓదెలుకమ్మిన పత్తి సేటు చెల్లె రుక్మాబాయి,
అటెనుక అంతా ఉర్దూ.

మండిబజార్ల అత్తరు ముసలాయన
స్టాంపు కాగితం వెలుగుకు వట్టి చదివిండు:
"ఉత్తరాన చేదబావి. తూర్పున బగ్గీఖానా.
పడమర, ఇద్దరు ఆడోళ్ళు నడిచేంత సందు."
హద్దులన్నీ పదిలం.
పేర్లున్నకాడ చెదలు.

మొన్న వంటింట్ల షాబాదు బండలు లేపితే
తొడలోతు గుంత.
మేస్త్రి దిగి నిలబడ్డడు.
"మగ్గంగుంత సారూ. మా తాత కాళ్ళు
ఇసొంటి దాంట్లనే ఆడేటివి."
అడుగున చారెడు మట్టి, ఎర్ర నూలుపోగు.
ఈ నేసినాయన ఏ కాగితం మీదా లేడు.

లతీఫుద్దీన్ జాడ
రిటైరైన లైన్‌మన్ దగ్గర దొరికింది:
ఆజంజాహి మిల్లుల ఫిట్టరట.
ఈ సందుకు మొదటి మీటరు ఆయనదేనట.
ఆయన గూడ కిరాయికే ఉండెనట.

"పేరు మార్పిచ్చుకోరాదు?" అన్నడు.
దరఖాస్తు రాసే పెట్టిన, జేబుల మడత మీద ఉన్నది.

గుంత పూడ్పలే ఇంకా.
రాత్రి దాని మీదికి బల్బు వేలాడదీసి స్విచ్ వేస్తే
పైన మీటరు చక్రం
ఎవలిదో పేరు మీద
తిరుగవట్టింది.