ఎవరి పుట్టినరోజూ కాదు

ఇక్కడ మీటింగులు పెట్టకూడదు గదా,
అందుకని కేకు తెప్పించినారు.
కువైట్ సిటీ, మాలియాలో, బిర్యానీ హోటలు మిద్దెమీద
బెలూన్లు కట్టి, బల్లమీద
పేరు రాయని కేకు.
ఎవరన్నా వచ్చి అడిగితే పుట్టినరోజని చెప్పండన్నాడు మెస్సు వెంకటరమణ.
ఎవరిదని అడిగితే?
"ఎవరిదో ఒకరిది లేప్పా."

ఓబుళపతిని ఏర్‌పోర్టు నుంచి తెచ్చింది నేనే.
మా బాబా లండన్ పోయినాడు, బండి తాళాలు నా కాడుండాయి.
రెండుసార్లు ఎమ్మెల్యే, ఒకసారి ముద్దాయి,
ఇప్పుడు వెనక సీట్లో
మోకాళ్ళమీద చేతులు పెట్టుకోని
ఉద్యోగం అడగబోయే పిల్లోని మాదిరి.
ఊర్లో ఈయన కారెనకాల పదహారు కార్లుండేటివి.
అర్జీ పట్టుకోని ఆ దుమ్ములో
నేనూ పరిగెత్తినా ఒకసారి.
మా చిన్నాయన శవం ఈ దేశం నుంచి
నెలకు గానీ రాదంటే
వారానికి తెప్పించినోడు కూడా ఈయనే.
అది మర్చిపోతే నేను మనిషిని కాదు.

ఫిఫ్త్ రింగు రోడ్డెక్కినాక
"ఎండ మనూర్లో మాదిరే ఉందే" అన్నాడు.
ఏసీ పెంచినా.
"జనం ఏమనుకుంటాండారబ్బీ, నా గురించి?"
అద్దంలో ఆయన కండ్లు నా కండ్లకోసం వెతుకుతాండాయి.
పదకొండేండ్లుగా డ్రైవరును.
వెనక సీటు అడిగేవాటిలో
సగం ప్రశ్నలు కావని తెలుసు.
సిగ్నలు పడింది. ఆపినా.

శుక్రవారం. ఆడోళ్ళే ఎక్కువ వచ్చినారు,
రెండు గంటల పర్మిషన్ మీద,
చేతుల్లో ఇంగా క్లోరాక్సు వాసన.
గొంతు మాత్రం పోలేదు ఆయనకు.
యాడ దించాల్నో, యాడ ఆపాల్నో,
కండువాతో కన్నెప్పుడు ఒత్తుకోవాల్నో.
"నమ్మినోళ్ళే ముంచినారమ్మా నన్ను."
వెనక వరసలో ఎవరో
"మమ్మల్ని గూడా సామీ" అన్నారు, మెల్లగా.
నవ్వు రాలేదు ఎవరికీ.

"మీకిక్కడ ఓటు లేదు, నాకు తెలుసు.
ఇండ్లకు ఒక్క ఫోను చేయండి. ఒక్క మాట."
అప్పుడు లేచింది గంగులమ్మ.
పాలపొడి కవరు విప్పి, పాసుబుక్కు తీసి
కేకు పక్కన పెట్టింది.
సౌభాగ్య పొదుపు సంఘం. అట్టమీద ఈయన ఫోటోనే,
జుట్టు నల్లగా ఉన్నప్పటిది.
"సదువు సామీ. నాకు అచ్చరాలు రావు, అంకెలొస్తాయి."

అద్దాలు పెట్టుకున్నాడు.
ముప్పై దీనార్ల లెక్కన, నెల నెలా,
ఎవరి బిడ్డల్నో ఎత్తుకోని తిప్పిన తొమ్మిదేండ్లు
రూపాయల్లో కిందికి దిగుతాండాయి.
నాలుగు వరసలు చదివినాడు. అయిదోది
పెదాలతో మాత్రమే.
తర్వాతి పేజీ తెల్లగా ఉండాది.
ఫ్యాను గాలికి బెలూన్లు ఒకదాన్నొకటి రాసుకుంటాండాయి.

ఏం జరిగేదో ఏమో,
ఆమె ఫోను మోగింది.
"వస్తాండా మేడం, వస్తాండా."
పాసుబుక్కు మళ్ళీ కవర్లో చుట్టింది,
ప్లాస్టిక్ కత్తి అందుకోని
ఆయన కోయాల్సిన కేకు
ఓ మూల ఆమే కోసింది,
టిష్యూలో పెట్టుకునింది.
"మా చిన్నబాబుకు చాక్లెట్టంటే పానం" అని చెప్పి
మెట్లు దిగిపోయింది.

తిరిగి పోయేటప్పుడు చాలాసేపు మాట్లాడలేదాయన.
ఏడుస్తాండాడేమో అనుకున్నా.
సాల్మియా దాటినాక అడిగినాడు:
"ఆమెది ఏ ఊరబ్బీ?
ఆ ఇంట్లో ఎన్ని ఓట్లుంటాయి?"

పదకొండేండ్లలో మొదటిసారి
ముందు సీటు జవాబు చెప్పింది.
"అంకెలు ఆమెకొచ్చు సార్. ఆమెనే అడగండి."

హోటలు కాడ దించి, తలుపేసి,
వెనక సీటుమీద క్రీము మరక తుడిచినా.
మీటరు చూసినా.
అరవైరెండు కిలోమీటర్లు ఎక్కువ.
ఎవరికి లెక్క జెప్పుకోవాల్నో
నాకైతే తెలుసు.