గంటకి నలభై

కావలిలో ట్రంకు రోడ్డు మీద,
కింద ఎరువుల కొట్టు, మేడమీద నా ఆటల గది.
మూడు టీవీలు, అయిదు కుర్చీలు,
జానెడు తెల్లటి రిమోటు ఒకటి.
చేత్తో ఊపితే తెరలో మనిషి ఊగుతాడు.
దాని తాడు తెగితే బూటు లేసు కట్టాను.

ఆ సాయంత్రం వాన. పిలకాయలు కదల్లేదు.
మాల్యాద్రి అంటాడు: "ఆటంటే బొటనవేలు.
మీట మీద వెంట్రుకవాసి తేడా.
చేతులూపేది ఏందిరా, దోమల్ని తోలుకున్నట్టు!"
మస్తాన్ ఊరుకోడు. మొన్న రాత్రి వాడు ఆడిన ఆటలో
తుపాకీ లేదు, మార్కుల్లేవు,
ఖాళీ ఇంట్లో ఒక్కో తలుపూ తీసుకుంటూ పోవడమే.
ఆఖరి గదిలో మడతపెట్టిన చిన్న గౌను చూసి
ఏడ్చానని చెప్పాడు. అందరి ముందూ చెప్పాడు.
"అది కళ కాదా?"
"ఏడిపిస్తే కళంటే
ఉల్లిగడ్డకి శాలువా కప్పాల."
అందరూ నవ్వారు. మస్తాన్ నవ్వలేదు.
"నువ్వు చెప్పు రెహానక్కా."
నేనేం చెప్పేది? నాకు తెలిసింది గంటల లెక్క.
ఆ గౌను రంగేమిటని అడగాలనిపించింది.
అడగలేదు.

అప్పుడు మెట్లెక్కి వచ్చాడు పోలయ్య,
జువ్వలదిన్నె నుంచి, బోటు ఇంజనుకి వాషర్లు కొనను వచ్చి,
పనిలో పనిగా మనవడు పెంచల్ని ఈడ్చుకుపోదామని.
పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది.
తెర మీద అప్పుడు వల విసిరే ఆట నడుస్తోంది.
"తాతా, ఒక్కసారి" అని పెంచల్ రిమోటు చేతికిచ్చాడు.

ముందు లేసుని చూశాడాయన, మొహం చిట్లించాడు,
విప్పి తన పద్ధతిలో మళ్ళీ ముడేశాడు.
కుర్చీలు జరపమన్నాడు.
ఎడమకాలు వెనక్కి. నడుం ముందు తిరిగింది, భుజం తర్వాత.
నోరు తెరిచి
పళ్ళతో వల అంచు పట్టబోయాడు.
అక్కడ వల లేదు.
పళ్ళు పళ్ళకి తగిలిన చప్పుడు
నా బల్ల దాకా వినబడింది.

విసిరాడు. ఫ్యాను రెక్క త్రుటిలో తప్పింది.
మళ్ళీ ప్రయత్నించండి, అంది తెర.
మూడుసార్లు విసిరాడు. మూడుసార్లూ అదే మాట.
మాల్యాద్రి రిమోటు తీసుకుని, కుర్చీలోంచి లేవకుండానే,
ఒక చేత్తో మరమరాలు నములుతూ
మణికట్టు చిటుక్కున తిప్పాడు.
పదకొండు చేపలు. బాజాలు.
"చూశారా? దీనికి ఒళ్ళు కనపడదు,
ఉత్త కుదుపు కనపడుద్ది. అంతా అబద్ధం" అన్నాడు,
గెలిచిన గొంతుతో,
గెలిచినందుకు కాస్త సిగ్గుపడుతూ.

పోలయ్యకి ఇవేవీ పట్టలేదు.
టీవీకి దగ్గరగా గొంతుక్కూర్చుని
నీళ్ళకేసి చూస్తున్నాడు.
"గాలి ఇట్నించి తోలతా ఉండాది.
రాయికి ఆపక్క నీళ్ళు నున్నంగా ఉండాయి.
సరింగా ఉండాది."
ఇంకాసేపు చూశాడు.
"చేపలు వొట్టియ్యి. వల వొట్టిది.
ఈ నీళ్ళు చేసినోడు ఎవుడో గాని అబ్బయా,
పనీ పాటా మానుకుని
గట్టున శానాసేపు కూచున్నోడే."

"అదే! అదే నేనంటా ఉండేది!" మస్తాన్ కుర్చీ దూకాడు.
"నీళ్ళు బొమ్మరా. అందులో ఆట యాడుంది?" మాల్యాద్రి.
మళ్ళీ మొదలు. వాన ఆగింది కూడా ఎవరూ చూడలేదు.
పోలయ్య మనవణ్ణి చెవి పట్టుకుని బస్సుకి లాక్కుపోయాడు.
సగం మెట్లు దిగి, మళ్ళీ ఎక్కొచ్చి
మర్చిపోయిన వాషర్ల పొట్లం తీసుకున్నాడు.
డబ్బులివ్వబోతే వద్దన్నాను.
ఇచ్చే పోయాడు, నలభై, తడి నోట్లు.

షట్టరు సగం దించి, లైట్లార్పి,
రిమోటు పట్టుకుని గది మధ్యన నిలబడ్డాను.
ఎవరూ లేరని చూసుకుని
పళ్ళు బిగించాను.
అద్దె కట్టాల్సింది రేపేనని గుర్తొచ్చింది.

ఆ లేసు ముడి ఇప్పటికీ అంతే ఉంది.
లావు చేతికి వదులవుతుంది, సన్న చేతికి బిగుస్తుంది,
ఊడదు.
ఎట్లా వేశాడో చూద్దామని
మాల్యాద్రి దాంతో కుస్తీ పడుతుంటాడు రోజూ,
తన వంతు వచ్చేదాకా,
ఒక్కోరోజు వచ్చాక కూడా.